లా కాలేజీ మారాలా, వద్దా: కర్నూలులోని ఒక సలహా కేంద్రం సేవపై సమీక్ష

కర్నూలులో ఇంజినీరింగ్, మెడికల్ ప్రవేశాలకు సలహాలిచ్చే కేంద్రాలకు కొదవ లేదు. వాటిలో ఒకటి న్యాయవిద్య విద్యార్థులకు కూడా సేవలందిస్తోంది. మొదటి సంవత్సరం పూర్తయ్యాక ఒక లా కాలేజీ నుంచి మరొక లా కాలేజీకి మారాలనుకునేవారికి సలహా చెప్పి, దరఖాస్తులు సిద్ధం చేసి, అనుమతులు వచ్చేదాకా వెంట ఉంటామని ఆ కేంద్రం వారి మాట. మా అమ్మాయి న్యాయవిద్య ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి, కన్వీనర్ కోటాలో అనంతపురంలోని ఒక ప్రైవేటు కళాశాలలో అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చేరి, మొదటి సంవత్సరం ముగించింది. అక్కడే కొనసాగాలా, ఇంటి పట్టున ఉండి కర్నూలులో చదువుకోవాలా, లేక విశాఖపట్నం వైపు ప్రయత్నించాలా అన్నది ఈ వేసవిలో మా ఇంట్లో తెగని ప్రశ్న అయింది. అందుకే ఆ కేంద్రానికి రుసుము కట్టి సేవ తీసుకున్నాము. పేరు పెట్టి ఒకరిని ఎత్తడం గానీ దించడం గానీ నా ఉద్దేశం కాదు కాబట్టి కేంద్రం పేరును, అమ్మాయి చదివే కళాశాల పేరును ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవకు డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందుగా రుసుము సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలోని మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే మొదలవుతాయి. రుసుము రెండు విడతలుగా ఉంటుంది. మొదటి విడత 3,000 రూపాయలు పేరు నమోదు చేసుకున్నప్పుడే కట్టాలి. 12,000 రూపాయల రెండో విడతను కొత్త కళాశాలలో చేర్చుకుంటున్నట్లు ఉత్తర్వు చేతికి వచ్చిన తర్వాత చెల్లించాలి. పైకి చూస్తే ఇది వినియోగదారుడికి అనుకూలమైన పద్ధతే, పని కాకపోతే పెద్ద మొత్తం పోదు. కానీ విద్యార్థి కళాశాల మారితే తప్ప కేంద్రానికి రుసుములో పెద్ద భాగం రాదన్న విషయాన్ని కూడా ఇక్కడే గమనించాలి. అలాంటి చోటికి వెళ్లి "మారాలా, వద్దా" అని అడగడం పెళ్లిళ్ల పేరయ్యను పిలిచి "ఈ సంబంధం చేసుకోమంటావా, మానుకోమంటావా" అని అడగడం లాంటిదే. ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ మానుకోవడానికి గల కారణాలను వెతికి వెతికి మన ముందు పెట్టే పని మాత్రం పెట్టుకోడు.

కాగితాల పని విషయంలో ఈ కేంద్రానికి వంక పెట్టలేను. అమ్మాయి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండగా, మొదటి సెమిస్టరు మార్కుల మెమోలో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరమే పడింది. ఈ తేడాను మేము గానీ, కళాశాల కార్యాలయం గానీ గమనించలేదు. కేంద్రంలోని గుమాస్తా కాగితాలు తిరగేస్తూ నిమిషంలో పట్టుకున్నాడు. ఒక విశ్వవిద్యాలయం జారీచేసిన మెమోను మరో విశ్వవిద్యాలయం పరిశీలించేటప్పుడు ఇలాంటి చిన్న తేడాతోనే దరఖాస్తు బల్ల మీద ఆగిపోతుందని, మారినా మారకపోయినా దీన్ని ఇప్పుడే సరిచేయించుకోవడం మంచిదని అతడు చెప్పాడు. సవరణ దరఖాస్తును అప్పటికప్పుడు టైపు చేసి ఇచ్చాడు. ఆ సవరణ జరిగింది. మొదటి విడత రుసుములో సగం విలువ ఈ ఒక్క పనిలోనే దక్కిందని నేను భావిస్తున్నాను.

వారు చెప్పిన మరో జాగ్రత్తను ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవాలి. పాత కళాశాల అభ్యంతరం లేదని, కొత్త కళాశాల చేర్చుకుంటామని ఇచ్చే ఎన్‌ఓసీలు రెండూ చేతికి వచ్చి, విశ్వవిద్యాలయం అనుమతి రాతపూర్వకంగా అందేదాకా ఎట్టి పరిస్థితుల్లోనూ టీసీ తీసుకోకూడదు. కొత్త చోట సీటు ఖాళీగా ఉందని ఎవరో ఫోనులో చెప్పిన మాట నమ్మి ముందుగానే టీసీ తీసుకుంటే, విద్యార్థి రెండింటికీ చెడి మధ్యలో నిలబడవలసి వస్తుంది. సీటు ఖాళీ అన్న మాటకు కూడా అర్థం ఉండాలని వారు వివరించారు. దేశంలో న్యాయవిద్యకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రకారం ఒక సెక్షనులో 60 మందికి మించి ఉండకూడదు కాబట్టి, ఎవరైనా మానేసి ఆ సంఖ్యలో చోటు ఏర్పడితేనే బయటివారిని తీసుకోవడానికి వీలుంటుంది. కళాశాల ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గరే పెట్టుకుంటే ఏం చేయాలని అడిగినప్పుడు, అలా అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో జారీచేసిన నోటిఫికేషన్ ప్రతిని తీసి ఇచ్చారు. అడిగిన వెంటనే ఆధారం చూపించగలగడం ఈ రంగంలో అరుదైన గుణం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. మేము డబ్బు కట్టింది ప్రధానంగా నిర్ణయంలో సహాయం కోసం. ఆ విషయంలో ఈ సేవ చాలా పలుచగా ఉంది. మొదటి సమావేశంలో సలహాదారు మమ్మల్ని అడిగినవి మూడే మాటలు: "మేడం, పాపకు మార్కులు ఎంత వచ్చాయి, బ్యాక్‌లాగులు ఉన్నాయా, సంవత్సరానికి ఎంతదాకా ఖర్చు పెట్టగలరు?" అమ్మాయి ఎందుకు మారాలనుకుంటోందని ఆయన ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు. నిజానికి ఆమె చెప్పే కారణాలు మూడు రకాలు. అధ్యాపకులు మధ్యలో మానేయడం వల్ల ఒక సబ్జెక్టు సగంలో ఆగి, చివరి రెండు వారాల్లో హడావిడిగా ముగిసింది. విద్యార్థులు కోర్టులోలా వాదనలు సాధన చేసే మూట్ కోర్టు గది ఉంది గానీ ఏడాది పొడవునా తాళం తీయలేదు. మూడోది, హాస్టలులో ఒంటరితనం. వీటిలో మొదటి రెండూ కళాశాలకు సంబంధించినవి. మూడోది కళాశాల మారితే తీరవచ్చు, తీరకపోవచ్చు, రెండో సంవత్సరంలో దానంతట అదే తగ్గిపోనూ వచ్చు. ఈ మూడింటినీ విడదీసి చూపించడం సలహాదారు చేయవలసిన మొట్టమొదటి పని అని నా అభిప్రాయం. ఆ పని ఒక ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లో మేమే చేసుకున్నాము.

కేంద్రం వారు ఇచ్చిన మార్గదర్శక పుస్తకం గురించి కొంచెం వివరంగానే రాయాలి. మంచి కాగితం మీద రంగుల్లో అచ్చువేసిన ఆ పుస్తకంలో మొదటి సంవత్సరం ర్యాంకు, పెద్ద న్యాయ సంస్థలు కళాశాలకు వచ్చి చేసే ఇంటర్వ్యూలు, విద్యార్థులు నడిపే న్యాయ పత్రికల్లో స్థానం, మారినవారికి ఉపకారవేతనం తగ్గే అవకాశం అంటూ పేజీల కొద్దీ విషయం ఉంది. చదువుతూ ఉంటే ఇది ఎక్కడి సంగతో ఇట్టే తెలిసిపోతుంది. అమెరికాలో న్యాయవిద్య డిగ్రీ తర్వాత చదివే మూడేళ్ల కోర్సు. అక్కడ మొదటి సంవత్సరం ముగిశాక కొందరు పేరున్న కళాశాలకు మారతారు. ప్రవేశ పరీక్ష స్కోరు కన్నా మొదటి సంవత్సరం మార్కులకే అప్పుడు ఎక్కువ విలువ ఉంటుంది. ఏ కళాశాల నుంచి ఎంతమంది వెళ్లిపోయారు, ఏ కళాశాలలోకి ఎంతమంది వచ్చారు అన్న లెక్కలను ప్రతి కళాశాల ఏటా ప్రకటించాలని అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన కూడా ఉంది. కాబట్టి అక్కడి విద్యార్థి ముందు ఆలోచించడానికి అంకెలు ఉంటాయి. మన పిల్లల పరిస్థితి వేరు. ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల కోర్సులో మొదటి సంవత్సరం సింహభాగం రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, ఇంగ్లీషు వంటి సబ్జెక్టులకే పోతుంది. ఆ మార్కులను చూసి ఎవరు ఎంత మంచి న్యాయవాది అవుతారో చెప్పడం సాధ్యం కాదు. న్యాయ సంస్థలు ఇంటర్వ్యూల కోసం అనంతపురం గానీ కర్నూలు గానీ రావు. ఆ పుస్తకంలోని సలహాలు తప్పు కావు, అవి వేరే దేశపు విద్యార్థికి చెప్పినవి. మన దగ్గర అలాంటి అంకెలు దొరకనప్పుడు వాటికి బదులు ఏమి చూసి నిర్ణయించుకోవాలో చెప్పే పేజీ ఒక్కటి ఉన్నా ఈ పుస్తకానికి విలువ వచ్చేది.

రెండు విషయాల్లో వారు చెప్పింది పొరపాటు. "నచ్చకపోతే మూడేళ్లయ్యాక బీఏ పట్టా తీసుకుని బయటికి వచ్చేయవచ్చు, తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మంచి కళాశాలలో చేయవచ్చు" అని సలహాదారు ఒక మార్గం సూచించారు. వినడానికి ఆకర్షణీయంగానే ఉంది. కానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్యా నియమాల్లో 13వ నియమం దీనికి సరిగ్గా అడ్డుపడుతుంది. ఉమ్మడి పట్టా కోర్సును విడదీసి మధ్యలో ఒక పట్టా ఇచ్చి పంపడం గానీ, డిగ్రీ ఉన్నదన్న కారణంతో మధ్య సంవత్సరంలో నేరుగా చేర్చుకోవడం గానీ కుదరదని ఆ నియమం స్పష్టంగా చెబుతోంది. ఈ మాట నమ్మి మూడేళ్లు గడిపిన విద్యార్థి చేతికి చివరికి ఏ పట్టా రాదు. లా కాలేజీల గురించే సలహాలిచ్చే కేంద్రం ఈ నియమాన్ని తెలుసుకోకపోవడం చిన్న లోపంగా నాకు తోచలేదు.

రెండోది డబ్బుకు సంబంధించినది. మధ్యలో వెళ్లిపోయే విద్యార్థి నుంచి మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కొన్ని యాజమాన్యాలు అడుగుతాయని, అలా అడిగితే ఎంతో కొంతకు మాట్లాడుకుని కట్టేయడమే మేలని సలహాదారు చెప్పారు. ఇదే సంగతిని మాకు తెలిసిన ఒక న్యాయవాది దగ్గర ప్రస్తావిస్తే, ఆయన ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2003లో ఇచ్చిన తీర్పు తీసి చూపించారు. విద్యాసంస్థ ఒకసారికి ఒక సంవత్సరం లేదా ఒక సెమిస్టరు ఫీజు మాత్రమే వసూలు చేయాలి. విద్యార్థి మధ్యలో వెళ్లిపోతాడన్న అనుమానం ఉంటే చేరేటప్పుడే బాండు గానీ బ్యాంకు గ్యారంటీ గానీ తీసుకోవచ్చు, అంతకు మించి కాదు అన్నది ఆ తీర్పులోని మాట. అంటే చేరేటప్పుడు మనం ఏ కాగితం మీద సంతకం పెట్టామో చూసుకోవడం ముందు చేయవలసిన పని. మేము ఇంటికి వచ్చి ఆ ఫైలు వెతికాము. అలాంటి బాండు ఏదీ లేదు. బేరమాడి కట్టేయమనే ముందు ఈ ఒక్క ప్రశ్న కేంద్రం వారే అడిగి ఉండవలసింది.

సమయం విషయంలో వారి అంచనాలు మరీ ఆశావహంగా ఉన్నాయి. అనంతపురం నుంచి కర్నూలు నూటయాభై కిలోమీటర్ల దూరమే అయినా, కళాశాల మారడంలో దాటవలసింది ఆ దూరం కాదు. అనంతపురం కళాశాల శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందిది. కర్నూలు కళాశాలలు కూడా ఒకప్పుడు దాని కిందే ఉండేవి. 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పరిధులు వేరయ్యాయి. ఒకే విశ్వవిద్యాలయం పరిధిలో మారడానికీ, ఒకదాని నుంచి మరొకదానికి మారడానికీ చాలా తేడా ఉంది. రెండో సందర్భంలో మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి, రెండు సిలబస్‌లను పక్కపక్కన పెట్టి ఏ పేపరుకు ఏది సమానమో తేల్చాలి, కొత్త కళాశాలలో మొదటి సంవత్సరంలో చెప్పి పాత కళాశాలలో చెప్పని పేపరు ఏదైనా ఉంటే రెండో సంవత్సరం పేపర్లతో పాటు దాన్ని కూడా అదనంగా రాయాలి. ఈ పేపర్ల పోలిక కేంద్రం వారే చేసి ఇస్తారని మేము ఆశించాము. వారు రెండు సిలబస్ ప్రతులు తెప్పించి మా చేతికి ఇచ్చి ఊరుకున్నారు. అమ్మాయే కూర్చుని పోల్చి చూసి, ఏ పేపర్లు మిగిలిపోతాయో గీతలు గీసి పెట్టుకుంది.

హాజరు లెక్కను ఎవరూ మా దృష్టికి తీసుకురాలేదు. నాకు తెలిసినంతలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఇదే. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అయిదేళ్ల కోర్సులో సెమిస్టరు కనీసం 18 వారాలు ఉండాలి. ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. తగిన కారణం ఉంటే 65 శాతం ఉన్నవారిని కూడా అనుమతించే వెసులుబాటు ప్రిన్సిపాలుకు ఉంది, కానీ అన్ని సబ్జెక్టులూ కలిపి సగటు 70 ఉండాలి. అనుమతి ఉత్తర్వు తరగతులు మొదలైన ఆరు వారాలకు వచ్చిందనుకుందాం. అప్పటి నుంచి ఒక్క రోజూ మానకుండా వెళ్లినా 18 వారాల్లో 12 వారాలే, అంటే 67 శాతం లోపే. ఏ సబ్జెక్టులోనూ 70 రాదు కాబట్టి సగటూ 70 రాదు, ఆ వెసులుబాటూ పనికిరాదు. పాత కళాశాలలో ఆ ఆరు వారాలు హాజరైన లెక్కను కొత్త కళాశాల కలుపుకుంటుందా లేదా అన్నది ఎన్‌ఓసీ తీసుకునేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి. మేము ఈ లెక్క వేసి చూపించాక సలహాదారు దాన్ని తన పుస్తకంలో రాసుకున్నారు. వచ్చే ఏడాది వెళ్లేవారికైనా ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల విషయంలో మాత్రం కేంద్రం నిజాయితీగా ప్రవర్తించింది. కర్నూలు పక్కనే పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టుకున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో ఉంది. మా ప్రాంతపు పిల్లలకు ఆ పేరు మీద ఒక మమకారం ఉండడం సహజం. మా అమ్మాయి మనసులో కూడా విశాఖ అంటే అదే. అలాంటి చోట రెండో సంవత్సరంలో చేరే దారి లేదని, వాటి ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి ర్యాంకు తెచ్చుకుంటే మొదటి సంవత్సరం నుంచే మొదలుపెట్టాలని, చదివిన ఏడాది వదులుకోవడానికి సిద్ధమైతేనే ఆ ఆలోచన చేయాలని సలహాదారు ఉన్నది ఉన్నట్లు చెప్పారు. కొత్త కళాశాలలు వస్తాయేమో చూద్దామన్న మా వారి ఆశను కూడా ఆయన సున్నితంగా తుంచేశారు. బార్ కౌన్సిల్ 2025 ఆగస్టులో కొత్త లా కాలేజీలకు మూడేళ్ల విరామం ప్రకటించిందని, ముందస్తు అనుమతి లేకుండా ఉన్న కళాశాలల్లో కూడా కొత్త సెక్షన్లు తెరవడానికి వీల్లేదని గుర్తు చేశారు.

కళాశాలను కళాశాలతో పోల్చే దగ్గర వారు ఇచ్చిన పట్టికలో ఫీజు, హాస్టలు, భవనం, బస్సు సౌకర్యం ఉన్నాయి. న్యాయవిద్యకు ప్రాణమైనవి లేవు. కొత్త క్రిమినల్ చట్టాలైన భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. గ్రంథాలయంలో వాటి మీద పుస్తకాలు వచ్చాయా, ఇంకా పాత ఐపీసీ పుస్తకాలతోనే నెట్టుకొస్తున్నారా అన్నది అయిదు నిమిషాల్లో చూసి రాగల విషయం. అయిదేళ్ల కోర్సు విద్యార్థి మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి, అది ఏ సంవత్సరంలోనూ ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. అంటే ఏటా ఒక కొత్త చోటు వెతుక్కోవాలి. ఈ కోణంలో చూస్తే కర్నూలుకు ఉన్న అనుకూలత చిన్నది కాదు. జిల్లా కోర్టు, వినియోగదారుల కమిషన్ అనంతపురంలోనూ ఉన్నాయి గానీ, లోకాయుక్త, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయాలు 2021లో కర్నూలుకు వచ్చాయి. హైకోర్టు ధర్మాసనం కర్నూలులో ఏర్పాటు చేయాలని శాసనసభ 2024 నవంబరులో తీర్మానించింది కూడా. 1937లో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నుంచి సీమ వాళ్లం వింటున్న మాట కాబట్టి, ధర్మాసనం వస్తుందన్న నమ్మకం మీద అమ్మాయి చదువును పందెం కాయమని నేను ఎవరికీ చెప్పను; ఉన్న కార్యాలయాలను లెక్కలోకి తీసుకోవడం మాత్రం తప్పు కాదు. సొంత ఊళ్లో కేంద్రం నడుపుతున్నవారికి ఈ సంగతి తట్టకపోవడమే నాకు ఆశ్చర్యం కలిగించింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయం అడిగితే "అది తర్వాత చూద్దాం మేడం" అన్నారు. కన్వీనర్ కోటాలో చేరిన విద్యార్థికి ఇది తర్వాత చూసుకునే విషయం కాదు. మారిన తర్వాత అది కొనసాగుతుందో లేదో తెలియకుండా రెండు కళాశాలల ఫీజులను పోల్చే పట్టికకు అర్థం లేదు. మళ్లీ అడిగాము, అదే సమాధానం వచ్చింది. చివరికి కళాశాల స్కాలర్‌షిప్ విభాగానికీ, జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికీ విడివిడిగా లేఖలు రాసి రాతపూర్వక జవాబు కోరడమే మేము ఎంచుకున్న పద్ధతి.

సిబ్బంది మర్యాదస్తులు. ఫోను చేస్తే ఎత్తుతారు, చెప్పిన సమయానికి కూర్చోబెట్టి మాట్లాడతారు. రసీదు అడగకముందే ఇచ్చారు. మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి కాబట్టి పెద్దవారిని వెంట తీసుకువెళ్లేవారు ఆలోచించుకోవాలి. సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట: న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది గానీ, న్యాయవిద్య సలహా కేంద్రం నడిపేవారు న్యాయవాదులు కారు. కాబట్టి ఫిర్యాదు చేయవలసి వస్తే పనికొచ్చేలా ఆ రసీదును భద్రంగా దాచుకోవడం మంచిది.

నిర్ణయం సంగతి. మాకు నిజంగా దారి చూపించినవి రెండు సంభాషణలు, రెండూ కేంద్రం బయటే జరిగాయి. ఒకటి కర్నూలు కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థినితో. అధ్యాపకుల కొరత అక్కడా ఉందని, అయితే సాయంత్రాలు సీనియర్ న్యాయవాదుల కార్యాలయాలకు వెళ్లి కూర్చోవడం వల్ల నేర్చుకుంటున్నానని ఆమె చెప్పింది. మరొకటి కోర్టులో నాలుగేళ్లుగా పనిచేస్తున్న జూనియర్ న్యాయవాదితో. ఏ కళాశాలలో చదివావని జిల్లా కోర్టులో తనను ఎవరూ అడగలేదని, దావా ముసాయిదా రాయడం వచ్చా అని మాత్రం అడిగారని ఆయన అన్నారు. ఈ రెండు మాటలు విన్నాక అమ్మాయి తన కారణాలను మళ్లీ తూచి చూసుకుంది. మూట్ కోర్టు గది తాళం తీయించమని తోటి విద్యార్థులతో కలిసి ప్రిన్సిపాలుకు అర్జీ ఇవ్వడం, సెలవుల్లో కర్నూలులో ఇంటర్న్‌షిప్ చేయడం, ఈ ఏడాదికి అనంతపురంలోనే కొనసాగడం అని తేల్చుకుంది. "అమ్మా, అక్కడికి వెళ్లినా ఇదే పని చేయాలి కదా, ఇక్కడే చేస్తాను" అన్నది ఆమె మాట. నాకు పూర్తిగా సమ్మతమని చెప్పలేను. ఇంటి భోజనం, ఇంటి నిద్ర కూడా చదువులో భాగమేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ మిగిలిన నాలుగేళ్లు చదవవలసింది ఆమె.

మేము మారడం లేదని చెప్పినప్పుడు కేంద్రం వారు మొహం మాడ్చుకోలేదు, రెండో విడత ఊసెత్తలేదు, సిద్ధం చేసిన దరఖాస్తు ప్రతులన్నీ మాకే ఇచ్చేశారు. అందుకే కాగితాల పనికి అయిదుకు నాలుగున్నర, నిర్ణయ సహాయానికి ఒకటిన్నర, మొత్తం మీద మూడు మార్కులు ఇస్తున్నాను. ఎక్కడికి మారాలో ముందే తేల్చుకుని, ఖాళీ ఉందని నిర్ధారించుకుని, కేవలం దరఖాస్తులు పద్ధతిగా నడవాలనుకునేవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. ఇంకా ఊగిసలాడుతున్నవారు మాత్రం ముందు ఆ రెండు కళాశాలల విద్యార్థులతో మాట్లాడి, ఆ తర్వాతే మొదటి విడత కట్టాలి. కేంద్రం వారికి నా సూచన ఒకటే: మారడంతో సంబంధం లేకుండా సలహాకు మాత్రమే వేరుగా ఒక రుసుము పెట్టండి, 3,000 బదులు 5,000 అయినా సరే, "ఉండిపొండి" అని చెప్పినందుకు కూడా మీకు డబ్బు రావాలి.